తొలి శుభలేఖకు పసుపు పెట్టిన చెయ్యి

మా చెల్లెలి కూతురు లలిత తన కూతురి పెళ్ళి శుభలేఖలు తెచ్చుకోవడానికి నన్ను తోడు రమ్మంది. నరసరావుపేటలో నేను చదువుకున్న రోజుల్లో పత్తి బోరాల బండ్లు ఆగే చోట ఇప్పుడు ఏసీ గది ఉంది. గాజు తలుపు, గోడ నిండా కార్డులు. కుర్చీలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చారు. కార్డుల కట్ట విప్పి చూస్తే నాలుగు మూలలా పసుపు ఉంది. వేలితో అద్దినట్టు, ఒక పక్క కాస్త చిక్కగా, ఒక పక్క చెదిరినట్టు. "పసుపు రాయక్కర్లేదమ్మా, మిషనే రాసేసిద్ది. ఎన్నేళ్ళయినా రంగు పోదు" అన్నాడు కొట్టతను గర్వంగా. లలిత కట్టను నా వైపు నెట్టి, గొంతు తగ్గించి, "పెద్దమ్మా, తొలి కార్డు నువ్వు తియ్యి. పెదనాన్న ఉన్నాడుగా" అంది. లలిత భర్త పోయి నాలుగేళ్ళవుతోంది. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. గ్రహణాల రోజున పిల్లలను మేడ మీదికి తీసుకెళ్ళి చూపిస్తుంది. ఆమె చెయ్యి మాత్రం తన కూతురి శుభలేఖల దాకా వచ్చి బల్ల అంచు మీద ఆగిపోయింది.

నేను జీవితమంతా ఇలాంటి వాటి మీద వ్యాసాలు రాశాను. సభల్లో మాట్లాడాను, రాళ్ళు పడితే తలమీద కొంగు కప్పుకుని కూడా మాట్లాడాను. ఆ గదిలో మాత్రం కార్డు తియ్యకుండానే కట్టను తిరిగి ముడేసి సంచిలో పెట్టాను. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో మంచం మీద పడుకున్న మా ఆయన ప్రాణం ఈ కార్డుల కట్ట మీద దీపంలా వెలుగుతోందని నా కూతురు లాంటి పిల్ల నమ్ముతోంది. ఆ క్షణంలో నాకు రాజ్యం పిన్ని బొటనవేలు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు కిరసనాయిలుతో రుద్ది కుంకుడు రసంతో కడిగినా గోరు చుట్టూ నల్లటి గీత పోని బొటనవేలు.

రాజ్యం పిన్ని మా అమ్మకు చెల్లెలు. ముప్పాళ్ళ పక్కన మా పల్లెలో బడి అయిదో తరగతితో ఆగిపోతే, పై చదువుకు నన్ను ఆమె దగ్గర ఉంచారు. పేటలో కోర్టుకు వెనక సందులో ఆమెకొక ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కితే తిరిగే ఇనుప యంత్రం అది. బాబాయి దాన్ని పెట్టిన కొద్ది కాలానికే టైఫాయిడ్ వచ్చి పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే అత్తింటివాళ్ళు గుంటూరు వాళ్ళకు అమ్మేద్దామని ఎడ్లబండి తోలుకొచ్చారట. పిన్ని మిషను పక్కనే నేల మీద కూర్చుని, పెద్ద చక్రం మీద చెయ్యేసి, "దీన్ని ఎక్కించేటప్పుడు నన్నూ ఎక్కించండి మావయ్యా. ఇద్దరికీ ఒకే బండి సరిపోద్ది" అందట. బండి ఖాళీగానే వెనక్కి పోయింది. అప్పటికి పిన్నికి పాతికేళ్ళు కూడా నిండలేదు. మా తాతయ్య వాదనలంటే చెవి కోసుకునే మనిషి, వితంతువులకు గుండు చేయించకూడదని ఊరూరా తిరిగి మాట్లాడినవాడు. అందువల్ల ఆమె జుట్టు మిగిలింది, రంగు చీర మిగిలింది. బొట్టు మాత్రం తాతయ్య కూడా మిగల్చలేకపోయాడు.

ఆ ఇంట్లో తెల్లవారడమంటే కిరసనాయిలు వాసన. పిన్ని వాకిలి చిమ్మి, రోలర్లు తుడిచి, అప్పుడు పొయ్యి అంటించేది. సిరా, తడి కాగితం, మైదా జిగురు, పొయ్యి మీద ఉడికే గోంగూర, అన్నీ ఒకే గాలిలో ఉండేవి. చద్దన్నంలో కూడా సన్నగా కిరసనాయిలు రుచి తగిలేది. ఇప్పటికీ గోంగూర పచ్చడి ఎంత బాగా నూరినా ఏదో తక్కువైందనిపిస్తుంది, ఆ వాసనే కాబోలు తక్కువ. అక్షరాలు పేర్చే కంపోజిటరు దావీదు గారు. ఒకప్పుడు గుంటూరులో క్రైస్తవ మిషనరీల ప్రెస్సులో పని నేర్చుకున్నాడు. అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. "దావీదు గారూ, మీ దేవుడికి ఒక మాట చెప్పండి, మనకు 'య' ఒత్తులు తక్కువున్నయ్యని" అనేది పిన్ని. "ఆయనది చేత్తో రాసే యవ్వారం అమ్మగారూ, అచ్చు సంగతి ఆయనకు పట్టదు" అనేవాడాయన కళ్ళు తెరవకుండానే.

ఆ మిషను మీద ప్లీడర్ల నోటీసులు, పత్తి వ్యాపారుల బిల్లు పుస్తకాలు అచ్చయ్యేవి. వాటి మధ్య సందు చూసుకుని నెలకొకసారి పిన్ని తన పత్రిక వేసేది. దాని పేరు 'పెరటి తలుపు'. ఎందుకా పేరంటే, ముందు గుమ్మంలో ప్లీడరు గుమాస్తాలూ వ్యాపారులూ కూర్చుంటారు గనుక ఆడవాళ్ళు పెరటి తలుపు గుండా వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళలో సగానికి పైగా రాయడం రాదు. పిన్ని కాగితం కలం తీసేది కాదు. అచ్చక్షరాలు పేర్చుకునే కంపోజింగ్ స్టిక్కు ఎడమ చేతిలో పట్టుకుని, "చెప్పు వదినా" అనేది. ఆమె చెబుతుంటే ఈమె వేళ్ళు గళ్ళ పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఏరుతూ పోయేవి. మాట నోట్లోంచి నేరుగా సీసంలోకి పోయేది, మధ్యలో కాగితం లేదు. కాగితం మీద రాస్తే వాళ్ళు భయపడతారు, రేపు ఎవరి కంట్లోనైనా పడుతుందని. సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి, ఎవరికీ చదవరావు. అచ్చయ్యాక విడదీసి మళ్ళీ గళ్ళల్లో పోసేస్తే ఆనవాలు ఉండదు, పేరూ వేసేది కాదు. పిన్ని తర్వాత తన పేరుతో వేసిన ఒకే ఒక్క పుస్తకం కూడా అలాగే పుట్టింది. దాని చిత్తుప్రతి ఎక్కడని ఒక పెద్దమనిషి అడిగితే, "గళ్ళల్లో ఉంది, ఏరుకోండి" అందట.

పత్రికకు అన్నం పెట్టింది మాత్రం శుభలేఖలే. మాఘం వస్తే చాలు, కార్డుల మీదికి 'శ్రీ' అక్షరాలు చాలేవి కావు. ఇక్కడే చిక్కు. భర్త పోయిన ఆడది నడిపే ప్రెస్సు అది. మొదటి ముహూర్తాల కాలంలోనే గురజాల వైపు నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురి తండ్రి కట్ట చేతికి తీసుకుని, పిన్ని నుదురు చూసి, కట్ట అక్కడే బల్ల మీద పెట్టాడు. "ఏమనుకోబాక తల్లీ. పిల్ల సంగతి. తొలి కార్డుకు పసుపు ఎవరు పెట్టారని వియ్యాలవారు అడిగితే నేనేం చెప్పేది" అన్నాడు. చెడ్డ మనిషి కాదు, అనేటప్పుడు నేల చూశాడు. పిన్ని ఒక్క క్షణం ఆలోచించి పెరట్లోకి వెళ్ళి గోడ మీంచి పిలిచింది. "సుబ్బాయక్కా, ఒకసారి పసుపు గిన్నె పట్టుకు రా."

సుబ్బాయమ్మ పక్కింటావిడ. పెద్ద బొట్టు, మోచేతుల దాకా గాజులు, పసుపు రాసిన పాదాలు. మొగుడు కోటయ్య సాగరు డ్యాము కట్టడం మొదలయ్యాక పనికని మాచర్ల వైపు పోయాడు. అక్కడ ఇంకొకామెను చేరదీశాడు. పండగకు లేదు పబ్బానికి లేదు, ఉత్తరం ముక్క లేదు. ఆమె విస్తళ్ళు కుట్టుకుని బతికేది. కానీ వాడెక్కడో ఊపిరి తీస్తున్నాడు గనుక ఈమె ముత్తయిదువ. మొగుణ్ణి పోగొట్టుకుని ఊరికి పత్రిక ఇచ్చిన చెయ్యి అశుభం, మొగుడు వదిలేసిన చెయ్యి శుభం. ఈ లెక్కలో న్యాయమెక్కడుందో ఆ రోజుల్లోనే నేను అందరినీ నిలదీసి అడిగేదాన్ని. అప్పటి నుంచి అదే అలవాటైంది. ప్రతి శుభలేఖల కట్టలో తొలి కార్డుకు సుబ్బాయమ్మ వచ్చి పసుపు పెట్టేది, కార్డులు వేయించుకున్నవాళ్ళ కళ్ళ ముందే. "నీ వేళ్ళకు నలుపు, నా వేళ్ళకు పసుపు. ఇద్దరం కలిస్తే ఒక పెళ్ళి" అని నవ్వేది. పిన్ని కూడా నవ్వేది. అదే నెల 'పెరటి తలుపు'లో మాత్రం వితంతువులను శుభకార్యాలకు దూరం పెట్టడం మీద పిన్ని వ్యాసం ఉండేది. ఒకే మిషను మీద పొద్దున ఆ వ్యాసం, సాయంత్రం ఆ శుభలేఖ. అలాంటి రోజుల్లో ఆమె అన్నం సరిగ్గా తినేది కాదు. నేను వాదానికి దిగితే, "మిషను తిరగాలి కదే భారతీ" అని మాత్రం అనేది.

నేను గుంటూరులో బి.ఏ. చదివే రోజుల్లో, సెలవులకు పేటకు వచ్చినప్పుడు జరిగింది అసలు సంగతి. డ్యాము దగ్గర మేస్త్రీగా చేసే ఒకాయన చెల్లెలి పెళ్ళి కార్డుల కోసం వచ్చాడు. ప్రూఫు చూసుకుంటూ, ఊరి మాటల్లో మాటగా, "మీ సందులో కోటయ్య అని ఉండేవాడంటగా. పాపం, కామెర్లొచ్చి పోయాడు. పోయిన ఏడాదికి ముందే. ఆ రెండో ఆమే దినాలు చేసింది" అన్నాడు. లోపల మిషను ఆగింది. పిన్ని ఆయన్ను పంపించేసి, చేతులు కూడా కడుక్కోకుండా పెరటి దారిన వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. సుబ్బాయమ్మ వసారాలో మోదుగాకులు ముందేసుకుని విస్తరి కుడుతోంది. పిన్ని ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

సుబ్బాయమ్మే ముందు అంది. "కోటయ్య సంగతా? నాకు తెలుసే రాజ్యం. నిరుడు విస్తళ్ళు కొనేవాడు చెప్పాడు."

"మరి..." అంది పిన్ని.

"మరేంది? ఉన్నన్నాళ్ళు పెళ్ళాంగా చూళ్ళేదు. పోయాక ముండను కావాలా వాడికి?" సుబ్బాయమ్మ పుల్ల విరిచి ఆకులు కలిపి గుచ్చింది. కుట్టిన విస్తరి పక్కన పెట్టి, నుదుటి బొట్టు మీద వేలు ఆనించింది. "పిలిచేది దీనికేనే నన్ను. పసుపు దంచడానికి, తలంబ్రాలు కలపడానికి, నీ కార్డులకు పసుపు పెట్టడానికి. ఇది తీసేస్తే ఈ సందులో నాకెవరు తలుపు తీస్తారు చెప్పు? నీకంటే మిషనుంది."

ఆ రోజు నాకు నిద్ర లేదు, దుఃఖంతో కాదు. వాదం చేతికి దొరికిందన్న ఉత్సాహంతో. వితంతువు చెయ్యి అశుభమనేవాళ్ళకు ఇంతకంటే జవాబు ఏముంది? వీళ్ళకు తెలియకుండానే రెండు పెళ్ళి కాలాలుగా ఒక వితంతువే వాళ్ళ తొలి కార్డులకు పసుపు పెట్టింది. ఆ పెళ్ళికూతుళ్ళు కాపురాలు చేసుకుంటున్నారు, పిల్లల్ని కన్నారు. శాస్త్రవేత్త కూడా ఇంత చక్కటి పరీక్ష పెట్టలేడు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా వ్యాసం రాశాను. సుబ్బాయమ్మ పేరు, కోటయ్య పేరు, అన్నీ. పిన్నికిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడే చదివింది.

"చానా బాగా రాశావు. ఒక్క ముక్క తీసెయ్యడానికి లేదు" అంది.

"వేస్తావుగా?"

"నువ్వు వాదం గెలుస్తావు. ఆమె సంగతి?"

"నిజం ఎవరి కోసం ఆగకూడదని నువ్వేగా రాసింది పిన్నీ."

"రాశా" అంది. "ఎవరి గాజులు పగులుతాయో అప్పుడు నాకు తెలవదు." వ్యాసం మడిచి ఇంకు డబ్బా కింద పెట్టింది. నేను గుంటూరు వెళ్ళిపోయాను.

తర్వాతి సంచిక హాస్టలుకు పోస్టులో వచ్చింది. మొదటి పేజీలో నా వ్యాసమే. నా మాటలే, నా వాదమే, నేను పెట్టిన కామాలతో సహా. ఒక్క మనిషి మారింది. సుబ్బాయమ్మ లేదు, కోటయ్య లేడు. కింద పిన్ని సంతకం ఉంది, మాట్లాడేది ఆమే. ఈ ప్రెస్సులో అచ్చయిన శుభలేఖలకు, మీ కళ్ళ ముందు పక్కింటి ముత్తయిదువ పసుపు పెట్టక ముందే, లోపల గదిలో తొలి కార్డుకు పసుపు పెడుతూ వచ్చింది నేనే. నేను వితంతువును. మీ పిల్లలు చల్లగా ఉన్నారు. ఇక మీ భయానికి ఆధారమేమిటో చెప్పండి. ఇదీ దాని సారాంశం.

తొలి బస్సుకే పేటకు వచ్చాను. పిన్ని ముందు గదిలో ఒక్కతే ఉంది. బల్ల మీద శుభలేఖల కట్టలు, వాపసు వచ్చినవి, ఒకదాని మీద ఒకటి. "పిన్నీ, ఇది అబద్ధం" అన్నాను. నా గొంతులో కోపమే ఉంది.

"అవును."

"నువ్వు ఒక్క కార్డుకు కూడా పెట్టలేదు."

"లేదు" అంది. "ఆ మేస్త్రీ నోరు ఊరుకోదే. ఇయ్యాల కాకపోతే రేపు కోటయ్య సంగతి సందులోకి వచ్చిద్ది. అప్పుడు ఎవరింట్లో బిడ్డ జారినా సుబ్బాయక్క వేళ్ళ మీదికే పోద్ది. నా మీదికి వస్తే నేను పడతా. ముందే నేను పెట్టిన పసుపైతే, తర్వాత ఎవరు పెడితే ఏంది?" తర్వాత కాస్త నవ్వింది. నాకు తెలిసి ఆ ప్రెస్సులో అది ఆఖరి నవ్వు. "చిత్రం చూడు. ఇన్నేళ్ళు నిజాలు వేస్తే ఒక్కడూ నమ్మలా. ఈ ఒక్క అబద్ధం వేశా, ఊరంతా నమ్మింది."

ఊరు నిజంగానే నమ్మింది. మా వాదాన్ని కాదు, ఆ చేతిని. ఆ ప్రెస్సు శుభలేఖలతో జరిగిన పెళ్ళిళ్ళలో ఎక్కడ ఏ కాపురం కుంటుపడినా, ఏ కోడలికి నెల తప్పకపోయినా వెతుక్కుంటూ ఆ సందుకు వచ్చారు. మొదటి కాన్పులో బిడ్డను పోగొట్టుకున్న ఒక పిల్ల అత్తగారు గుమ్మంలో నిలబడి మట్టి పోసింది. "నీ చెయ్యి పడిపోను. నీ కడుపున పుట్టలా కాబట్టి మా కడుపు కొట్టావు" అంది. పిన్ని తలుపు వెయ్యలేదు, తల దించలేదు. ఆ అత్తగారు అలసిపోయి అరుగు మీద కూలబడితే చెంబుతో నీళ్ళిచ్చింది. ఆవిడ తాగలేదు. గోడకు అవతల సుబ్బాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుని ఉంది. "చెప్పేస్తానే రాజ్యం, నేనేనని చెప్పేస్తా" అని తర్వాత కాళ్ళ మీద పడితే, పిన్ని కసిరింది. "నోరుముయ్యి అక్కా. అచ్చయిపోయింది. అచ్చయినాక దిద్దుకోవడం ఉండదు."

మరుసటి మాఘంలో శ్రీలు గళ్ళల్లో నిండుగా ఉండిపోయాయి. శుభలేఖలు ఆగాక కాగితం ఆగింది, కాగితం ఆగాక 'పెరటి తలుపు' ఆగింది. మా సభల్లో ఆమె ధైర్యాన్ని పొగుడుతూ తీర్మానాలు చేశారు. తీర్మానం అచ్చు వేయించుకోవడానికి మాత్రం గుంటూరు వెళ్ళారు, అక్కడ వేగంగా అచ్చు వేసే సిలిండరు మిషను ఉందని. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది, ఆ సభలు నావి గనుక. దావీదు గారు కొన్నాళ్ళు పని లేకపోయినా వచ్చి గళ్ళ పెట్టెలు దులిపి వెళ్ళేవాడు. ఒకరోజు గుంటూరులో పని దొరికిందని చెప్పి, గుమ్మంలో నిలబడి, అన్నానికి ముందు కాకపోయినా కళ్ళు మూసుకున్నాడు. చివరికి మిషను ఎడ్లబండి ఎక్కింది. ఈసారి పిన్ని చక్రం మీద చెయ్యి వెయ్యలేదు. తర్వాత బతుకంతా ఇతర పత్రికలకు ప్రూఫులు దిద్దింది. ఎవరెవరి పేర్లతోనో రాసింది.

కోటయ్య పోయిన సంగతి కొన్నాళ్ళకు ఊళ్ళోకి వచ్చింది. అప్పటికి సందులో తిట్లన్నీ పిన్నికే ఖర్చయిపోయి ఉన్నాయి. అది పుకారేనని, మనిషి సాగరు దగ్గర కనపడ్డాడని పిన్నే చెప్పింది. ఆమె చెబితే అదీ నమ్మారు. సుబ్బాయమ్మ రోజూ పెరటి తలుపు గుండా మజ్జిగ తెచ్చి పెట్టి, పక్కన కూర్చుని వెళ్ళేది. ఆమె పోయినప్పుడు పెద్ద బొట్టు పెట్టి, పూలు పెట్టి, ముత్తయిదువలంతా వరసగా కాళ్ళకు పసుపు రాశారు. పుణ్యాత్మురాలు, పసుపు కుంకాలతో పోయింది అన్నారు. పిన్ని పెరటి తలుపు దగ్గరే నిలబడింది. వెళ్ళి పాదాలు పట్టుకోవాలని ఉన్నట్టు రెండడుగులు వేసి, ఆ ముత్తయిదువల మొహాలు చూసి ఆగిపోయింది. ఇప్పుడు తను వెళ్తే గొడవవుతుంది, గొడవలో ఏ మాట ఎక్కడికి దారితీస్తుందోనని. ఊరంతా పసుపు పెట్టిందని తిట్టిన చెయ్యి, భర్త పోయాక ఒక్కసారైనా పసుపు ముట్టింది లేదు. ఆఖరికి ఆ రోజు కూడా ముట్టలేదు. నిజాన్ని మించింది లేదని నేను నూరు వ్యాసాలు రాశాను. ఆ ఒక్క అబద్ధాన్ని ఏ తక్కెడలో తూచాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

శుభలేఖల కొట్లోంచి లలిత ఇంటికి వచ్చాక ఆమెకు ఇదంతా చెప్పాను. నేను తియ్యనని, తొలి కార్డు తనే తియ్యాలని కూడా చెప్పాను. అంతా విని, "నీకేం పెద్దమ్మా, చెప్పి బస్సెక్కి పోతావు. రేపు పిల్లకు తలనొప్పి వచ్చినా నన్నే చూస్తారు" అంది. నిజమే. తర్వాత చిన్నపిల్లలా అడిగింది. "ఆ సుబ్బాయమ్మ గారు పసుపు పెట్టిన పెళ్ళిళ్ళు నిజంగా బాగున్నాయా?"

"కొన్ని బాగున్నాయి, కొన్ని లేవు. మిగతా పెళ్ళిళ్ళ లాగే" అన్నాను.

లలిత కట్ట దగ్గరికి లాక్కుంది. పై కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుని, మూలనున్న పసుపు మీద బొటనవేలు ఆనించింది. ఒకసారి గట్టిగా రుద్దింది. మళ్ళీ రుద్దింది. వేలు పైకెత్తి కిటికీ వెలుగులో చూసుకుంది. దానికి ఏమీ అంటలేదు.